ఆఫ్రోఫ్యూచరిజం: పెట్టుబడి ఎక్కడ ఆగుతుంది, కబ్జా ఎక్కడ మొదలవుతుంది?

అంచుగీత:

ఆఫ్రోఫ్యూచరిజం, అంటే నల్లజాతి కళాకారులు సైన్స్ ఫిక్షన్, యంత్రాలు, అంతరిక్షం సాయంతో తమ భవిష్యత్తుని ఊహించే ధోరణి, దాని మీద పొడుగు వ్యాసం ఒకటి రాస్తున్నాను. పాత చరిత్ర దగ్గర ఇబ్బంది లేదు. 1950లలో షికాగోలో జాజ్ సంగీతకారుడు సన్ రా నడిపిన సొంత లేబుల్ (రికార్డులు తెచ్చే సంస్థ), 1975లో ఫంక్ బ్యాండ్ పార్లమెంట్ ఊహించిన ‘మదర్‌షిప్’ అంతరిక్షనౌక, 1980లలో డెట్రాయిట్‌లో యంత్రాల మీద పుట్టిన టెక్నో సంగీతం, ఆక్టేవియా బట్లర్ సైన్స్ ఫిక్షన్ నవలలు, వీటన్నిటినీ కలిపి 1993లో విమర్శకుడు మార్క్ డెరీ పెట్టిన పేరు, 1998లో సామాజిక శాస్త్రవేత్త అలొండ్రా నెల్సన్ మొదలుపెట్టిన మెయిలింగ్ లిస్టు. ఇదంతా వరసగా కుదిరింది.

ఆ తర్వాతి భాగం దగ్గర ఆగిపోయాను. నల్లజాతి ప్రత్యామ్నాయ సంస్కృతిని కంపెనీలు మింగేశాయని చాలామంది రాశారు. ఎలా మింగాయో మాత్రం విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ. ఏ ఒప్పందంలో, ఏ షరతు వల్ల, ఏ హక్కు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది? పెద్ద కంపెనీ డబ్బు తగిలిన ప్రతిదాన్నీ కబ్జా అనేస్తే మదర్‌షిప్ కూడా కబ్జా కిందకే వస్తుంది, అది కాసాబ్లాంకా లేబుల్ డబ్బుతో ఎగిరింది కాబట్టి. ఏదీ కబ్జా కాదంటే ఆ సంగీతకారుల్లో ఎంతోమంది ఎందుకు వట్టి చేతులతో మిగిలారో చెప్పలేం.

బ్రూక్లిన్‌లో పుట్టిన ఆఫ్రోపంక్ సంగీత ఉత్సవం నా మెడలో గుదిబండ. 2005లో ఉచితంగా మొదలైంది, 2015లో టికెట్ పెట్టారు, 2020లో నల్లజాతి యాజమాన్యంలోని ఎసెన్స్ వెంచర్స్ కొనుక్కుంది. దీన్ని ఏమనాలి? గట్టిగా పట్టుకుని పరీక్షించగలిగే కొలమానం ఏదైనా ఉంటే చెప్పండి.

కాగితంపులి:

అంచుగీత గారూ, కొలమానం ఉంది. బొమ్మనీ శబ్దాన్నీ పక్కన పెట్టి నాలుగు హక్కులు ఎవరి దగ్గరున్నాయో చూడండి: మాస్టర్ అంటే అసలు రికార్డింగ్ మీద హక్కు, పాట రచన హక్కు అంటే పబ్లిషింగ్, పేరు అంటే ట్రేడ్‌మార్క్, ఇక నాలుగోది ‘వద్దు’ అనే హక్కు. మొదటి మూడూ కాగితం మీద కనిపిస్తాయి. నాలుగోది చాలాసార్లు చట్టంలోనే ఉండదు, అసలు దెబ్బ అక్కడే పడుతుంది.

దీనికి డెట్రాయిట్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ పెద్ద కంపెనీలకి దూరంగా ఉండాలని పంపిణీతో సహా సొంతంగా కట్టుకున్న లేబుల్. 1999లో డీజే రోలాండో చేసిన ‘జాగ్వార్’ ట్రాక్‌ని వాళ్ళే విడుదల చేశారు. మాస్టర్ వాళ్ళదే, ఎవరికీ అమ్మలేదు. సోనీ మ్యూజిక్ జర్మనీ విభాగం ఏం చేసింది? మాస్టర్ జోలికే పోలేదు. స్వరానికి స్వరం అచ్చుగుద్దినట్టు మళ్ళీ వాయించి, అనుమతి లేకుండా తన రికార్డుగా తెచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచీ అభిమానులు ఈమెయిళ్ళతో ఉతికితే సోనీ వెనక్కి తగ్గింది. వెంటనే బీఎంజీ అనే ఇంకో పెద్ద కంపెనీ అదే వెర్షన్‌ని ఎత్తుకుంది.

ఇది జర్మనీలో జరిగింది, అయితే అమెరికా చట్టంలోనూ ఇదే సందు ఉంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 115 ప్రకారం, పాట ఒకసారి రచయిత అనుమతితో జనంలోకి వచ్చాక ఎవరైనా దాన్ని మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. మూల స్వరాన్నీ ప్రధాన స్వభావాన్నీ మార్చకూడదు, నోటీసు ఇవ్వాలి, నిర్ణయించిన రేటు కట్టాలి. రచయిత ఒప్పుకోవాల్సిన పని లేదు. సెక్షన్ 114(బి) ఇంకో అడుగు ముందుకేసి, వేరేవాళ్ళు వాయించి చేసిన రికార్డింగ్ ఎంత అచ్చంగా ఉన్నా అది మాస్టర్ హక్కు ఉల్లంఘన కాదంటుంది. రేటు 2006 నుంచి 2022 దాకా కాపీకి 9.1 సెంట్లు, 5 నిమిషాలు దాటితే నిమిషానికి 1.75 సెంట్లు. 2023లో మూల రేటు 12 సెంట్లైంది. అంటే 2022 దాకా 7 నిమిషాల టెక్నో ట్రాక్‌కి అమ్ముడైన ప్రతి కాపీ మీదా రచయితకి 12.25 సెంట్లు. పెద్ద కంపెనీకి ఉన్న పంపిణీ బలం ముందు అది చిల్లర.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, గాయకుడి గొంతు ఉన్న పాటని ఇలా నకలు చేస్తే వినేవాళ్ళు పసిగడతారు. డ్రమ్ మెషీన్, సింథ్ మీద కట్టిన సంగీతానికి ఆ కాపలా లేదు. అదే యంత్రం, అదే సెట్టింగు దొరికితే నకలు తయారు. యంత్రంతో భవిష్యత్తుని ఊహించిన సంగీతం కాబట్టే దాన్ని ఇంత సులువుగా నకలు చేయగలిగారు. అందువల్ల టెక్నో విషయంలో మాస్టర్ దాచుకుంటే చాలనుకోవడం పొరపాటు. పబ్లిషింగ్‌ని సరిగ్గా నమోదు చేసుకోవాలి, అభిమానుల పహరా ఉండాలి. జాగ్వార్ విషయంలో చట్టం కంటే ముందు పనిచేసింది అభిమానులే.

దీనికి తలకిందులుగా, రికార్డింగ్ ముక్కనే ఎత్తుకున్న ఉదాహరణ ‘ఏమెన్ బ్రేక్’. 1969లో ద విన్‌స్టన్స్ రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన 4 బార్ల డ్రమ్స్, సుమారు 7 సెకన్లు. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే రెండు సంగీత ప్రక్రియలు దాని మీదే నిలబడ్డాయి. కోల్‌మన్‌కి శాంపుల్ (పాత రికార్డు ముక్కని కొత్త పాటలో వాడుకోవడం) రాయల్టీగా ఒక్క డాలరూ అందలేదు, 2006లో చనిపోయాడు. బ్యాండ్ నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 2015లో శ్రోతలే చందాలేసుకుని 24,000 పౌండ్లు పంపారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఇందులో మీ వ్యాసానికి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ బ్రేక్‌ని వాడుకున్నవాళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళు కూడా చాలామంది. వాళ్ళనీ, దాన్ని సీడీలో పెట్టి అమ్ముకున్న శాంపుల్ కంపెనీలనీ ఒకే గాటన కట్టకండి.

గోడపక్క:

కాగితంపులి గారు చెప్పింది సంగీతం వరకు సరిపోతుంది. అంచుగీత గారి అసలు గుదిబండ ఆఫ్రోపంక్ కదా, దాని దగ్గర ఈ నాలుగు హక్కుల కొలమానం చేతులెత్తేస్తుంది. ఆ పేరు నల్లజాతివాళ్ళ చేతుల్లోనే పుట్టింది, నల్లజాతివాళ్ళ కంపెనీకే అమ్ముడైంది. కాగితాలు చూస్తే ఎక్కడా కబ్జా కనపడదు. అయినా ఏదో పోయిందని అక్కడ మొదట్నుంచీ ఉన్నవాళ్ళు చెబుతూనే ఉన్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయలేం.

వరస ఇది. 2003లో జేమ్స్ స్పూనర్ ఒక డాక్యుమెంటరీ తీశాడు. తెల్లవాళ్ళతో నిండిన పంక్ రాక్ సంగీత లోకంలో ఒంటరిగా ఉన్న నల్లజాతి కుర్రకారు గురించి. ఆ సినిమా వెబ్‌సైట్‌లో ఒకరినొకరు వెతుక్కున్న జనమే ఆఫ్రోపంక్ అసలు ఆస్తి. 2005లో మాథ్యూ మోర్గన్‌తో కలిసి బ్రూక్లిన్‌లో మొదటి ఉత్సవం పెట్టారు. 2008లో స్పూనర్ తప్పుకున్నాడు. తర్వాత అది కమడోర్ బారీ పార్క్‌కి మారి పెరిగింది. 2015లో గేటు దగ్గర టికెట్ వచ్చింది, అదే ఏడాది ప్యారిస్, అట్లాంటా, ఆ తర్వాత లండన్, జోహన్నెస్‌బర్గ్. వేదిక మీద పంక్ బ్యాండ్లు తగ్గి, సోల్, ఆర్ అండ్ బీ, హిప్‌హాప్ పెద్ద పేర్లు ముందుకొచ్చాయి.

ఎవరో దుర్మార్గుడు కూర్చుని చేసింది కాదిది. ఉచిత ఉత్సవం లెక్క అలా నడుస్తుంది. ప్రవేశం ఉచితమైతే వేదిక, సౌండ్, భద్రత, బీమా, మరుగుదొడ్లు, నగర అనుమతుల ఖర్చు స్పాన్సర్ మోయాలి. స్పాన్సర్ తలలు లెక్కపెడతాడు. తలలు పెరగాలంటే పెద్ద పేరు కావాలి, పెద్ద పేరుకి ముందుగానే హామీ రుసుము కట్టాలి. ఆ రుసుము బడ్జెట్‌లో పెద్ద ముక్క లాగేస్తే మధ్యాహ్నం 3 గంటలకి వాయించే బ్యాండ్లకి మిగిలేది దారి ఖర్చు. మరుసటి ఏడు ఇంకా పెద్ద పేరు రావాలి. స్పాన్సర్ డబ్బు చాలని ఏడాది టికెట్ పెడతారు. దానికి తోడు పెద్ద ఉత్సవాల ఒప్పందాల్లో మామూలుగా ఉండే దూరం షరతు ఒకటి. ఇన్ని వారాల పాటు, ఇన్ని మైళ్ళ లోపల ఇంకెక్కడా వాయించకూడదని. పెద్ద గాయకులకి అది నష్టం కాదు. వారానికి రెండు చిన్న వేదికల మీద బతికే పంక్ బ్యాండ్‌కి అదే షరతు పెడితే నెల సంపాదన పోతుంది, చుట్టుపక్కల చిన్న వేదికలు ఖాళీ అవుతాయి. అంటే ఉత్సవం తనకి ప్రాణం పోసిన నేలనే ఎండబెడుతుంది.

2018 బ్రూక్లిన్ ఉత్సవంలో ఏం జరిగిందో మీ వ్యాసంలో తప్పకుండా పెట్టండి. తెల్లవాళ్ళ వినియోగం కోసం ఆఫ్రోపంక్ అమ్ముడుపోయిందని చొక్కా మీద రాసుకున్న ఒకరినీ, వాళ్ళ భాగస్వామినీ వేదిక వెనక నుంచి బయటికి పంపేశారు. వివక్షకి చోటు లేదని వరసగా రాసిన పెద్ద బ్యానర్లు ఆ ఉత్సవానికి గుర్తు. ఈ గొడవ తర్వాత ఆఫ్రోపంక్ వెబ్ పత్రిక ప్రధాన సంపాదకుడు రాజీనామా చేశాడు. అక్కడ కాపీరైట్ ప్రశ్నే లేదు. ఆ ఇల్లు ఎవరిది, ఇంట్లో ఎవరు గొంతు పెంచవచ్చు అన్నదే ప్రశ్న. కాబట్టి నాలుగు హక్కులకి ఐదోది కలపండి: మొదటి జనానికి ఇంకా లోపల మాట చెల్లుతోందా, నిర్ణయం తీసుకునే గదిలో వాళ్ళకి కుర్చీ ఉందా?

నీటిఅడుగు:

సినిమా, చిత్రకళ వైపు నుంచి కొంత కలుపుతాను. 2018 నాటి సూపర్‌హీరో సినిమా ‘బ్లాక్ పాంథర్’ని చాలామంది ఒక్క వాక్యంలో తీర్పు చెప్పి వదిలేస్తారు. రెండు పొరలుగా విడదీస్తే తప్ప న్యాయం జరగదు.

పాత్ర 1966లో స్టాన్ లీ, జాక్ కిర్బీల చేతిలో మార్వెల్‌లో పుట్టింది. అది మొదటి నుంచీ కంపెనీ ఆస్తే. నల్లజాతి సమాజం నుంచి ఎవరూ లాక్కోలేదు. దర్శకుడు రయన్ కూగ్లర్, దుస్తులు రూత్ కార్టర్, కళా దర్శకత్వం హానా బీచ్లర్. ఈ ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది. వాళ్ళు చేసింది ఇంకొకరి ఇంట్లో అద్భుతమైన పని. సినిమా ప్రపంచవ్యాప్తంగా 130 కోట్ల డాలర్లు దాటింది. పాత్ర, లోకం, బొమ్మలు, తర్వాతి భాగాల హక్కు మొత్తం మార్వెల్‌ని సొంతం చేసుకున్న డిస్నీవే. దీన్ని దోపిడీ అనలేను, కూలికి చేసిన గొప్ప పని అంటాను. ఆ తేడా వ్యాసంలో నిలబెట్టండి. కోట్లమంది నల్లజాతి పిల్లలు ఆ సినిమాలో తమని చూసుకున్నారన్నది నిజం, దాన్ని చిన్నబుచ్చే హక్కు మనకి లేదు.

రెండో పొర బయటి కళాకారుల పనిని తీసుకోవడం చుట్టూ ఉంది. లైబీరియా మూలాలున్న బ్రిటిష్ చిత్రకారిణి లీనా ఐరిస్ విక్టర్‌ని సినిమా కోసం ఆమె పని ఇమ్మని అడిగారు, ఆమె ఒప్పుకోలేదు. తర్వాత సౌండ్‌ట్రాక్‌లోని కెండ్రిక్ లమార్, సిజా పాట వీడియోలో, నలుపు మీద బంగారు నమూనాలతో ఆమె వేసిన ‘కాన్‌స్టెలేషన్స్’ వరసని పోలిన దృశ్యం కనిపించింది. 2018 ఫిబ్రవరిలో దావా వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో రాజీ కుదిరింది. కాగితంపులి గారి నాలుగో హక్కు ఇదే. ‘వద్దు’ అన్న తర్వాత ఏమవుతుంది?

చిత్రకారులు ఎక్కడ దెబ్బతింటారో చెబుతాను. అమెరికా చట్టం శైలిని కాపాడదు. నలుపు మీద బంగారం, ఈజిప్టు గుర్తులు, లోహపు కిరీటాలు అందరివీ. ఒక నిర్దిష్ట చిత్రంలోని నిర్దిష్ట అమరికకే రక్షణ. ఇక లాభంలో వాటా అడిగితే, ఆ లాభం ఉల్లంఘన వల్లే వచ్చిందన్న సంబంధం చూపాలి. కొన్ని సెకన్ల వీడియో దృశ్యం వల్ల ఇన్ని ఆల్బమ్‌లు అమ్ముడయ్యాయని ఎవరు నిరూపించగలరు? అందుకే స్టాట్యుటరీ డ్యామేజెస్, అంటే చట్టమే నిర్ణయించిన పరిహారం, ముఖ్యం. నష్టం లెక్క చూపకుండానే ఒక్కో రచనకి 750 నుంచి 30,000 డాలర్లు, కావాలని చేసిన ఉల్లంఘనైతే 1,50,000 దాకా. కానీ ఉల్లంఘన మొదలవకముందే, లేదా ప్రచురించిన 3 నెలల్లోపు, రచన నమోదై ఉండాలి. విదేశీ రచనకి దావా వేయడానికి అమెరికా నమోదు అక్కర్లేదు కానీ ఈ డ్యామేజెస్‌కీ లాయర్ ఖర్చులు రాబట్టుకోవడానికీ మాత్రం కావాలి. ఆఫ్రికాలోనో కరీబియన్‌లోనో లండన్‌లోనో ఉండి పనిచేసేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఒకే రచయిత ఒకే రచనైతే 45 డాలర్లు, ఇంకా ప్రచురించనివి 10 దాకా కలిపి ఒకే దరఖాస్తుగా 85 డాలర్లు. ముందే కడితే చిన్న మొత్తం, తర్వాత ఎంత కట్టినా వెనక్కి తేలేరు.

దుస్తుల వైపు 2018లోనే దక్షిణాఫ్రికాలో జరిగింది చూడండి. లడూమా న్గొకోలో ‘మఖోసా’ బ్రాండ్, ఖోసా పూసల అల్లిక నమూనాల మీద కట్టుకున్నది. దాన్ని పోలిన మేజోళ్ళు జారా దుకాణాల్లో కనిపించాయి, గొడవయ్యాక ఉపసంహరించుకున్నారు. అతని దగ్గర పేరున్న బ్రాండ్, లాయర్లు ఉన్నారు కాబట్టి కదిలింది. ఆ నమూనాలకి మూలమైన ఊళ్ళ పూసల పనివాళ్ళకి ఆ దారి లేదు.

ఇంకొకటి. ఆఫ్రికా రచయితల్ని అడక్కుండా ఆఫ్రోఫ్యూచరిజం గొడుగు కిందకి తోసెయ్యకండి. నెడీ ఒకోరాఫర్ 2019లో తన రచనని ఆఫ్రికన్‌ఫ్యూచరిజం అని వేరు చేసింది, కేంద్రం ఆఫ్రికాలో ఉందనీ అమెరికాలో లేదనీ. అమ్మేవాళ్ళకి ఒకే అట్టపెట్టె సౌకర్యం. అందుకే ప్రచురణకర్తలూ సినిమా ప్రచారాలూ ఆ తేడాని ఇప్పటికీ చెరిపేస్తున్నారు.

అంచుగీత:

ఇంత వివరం దొరుకుతుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. ఒకసారి చేయి జారిన హక్కు తిరిగి వస్తుందా? పెద్ద కంపెనీతో చేయి కలిపి కూడా హక్కులు వదలని ఒప్పందం ఎప్పుడైనా జరిగిందా? జరగలేదంటే వ్యాసం మొత్తం శోకగీతం అయిపోతుంది, అలా రాయడం నాకు ఇష్టం లేదు.

కాగితంపులి:

తిరిగి వస్తుంది, కానీ గడియారం చూసుకోవాలి. అమెరికా చట్టం సెక్షన్ 203 ప్రకారం, 1978 జనవరి 1 నుంచి రచయిత స్వయంగా రాసిచ్చిన హక్కుని 35 ఏళ్ళ తర్వాత మొదలయ్యే 5 ఏళ్ళ కిటికీలో రద్దు చేసుకోవచ్చు. రద్దు తేదీకి 10 ఏళ్ళ ముందు నుంచి 2 ఏళ్ళ ముందు దాకా ఎప్పుడైనా నోటీసు పంపాలి, ఆ తేదీ లోపల కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయాలి. 1990 జూన్ 1న మాస్టర్ హక్కు రాసిచ్చారనుకోండి. కిటికీ 2025 జూన్ 1న తెరుచుకుని 2030లో మూసుకుంటుంది. నోటీసు 2015 నుంచి పంపవచ్చు, ఆఖరు గడువు 2028. ఒప్పందంలో ప్రచురణ హక్కు కూడా కలిసి ఉంటే లెక్క మారుతుంది: ప్రచురణ నుంచి 35 ఏళ్ళు లేదా సంతకం నుంచి 40, ఏది ముందైతే అది. ఈ హక్కుని ముందే వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదు. డెట్రాయిట్ మొదటి తరం ఒప్పందాలకి ఈ కిటికీ 2020లలోనే పడుతుంది, ఒక్కోదానికీ సంతకం తేదీ పట్టి లెక్క చూసుకోవాలి. మీ వ్యాసంలో ఇంతకంటే పనికొచ్చే వార్త ఉండదు.

పని చెడేది ఎక్కడంటే, ఒప్పందంలో ‘వర్క్ ఫర్ హైర్’ (కంపెనీ కోసం కూలికి చేసిన పని, హక్కు మొదటి నుంచీ కంపెనీదే) అని ఉంటే సెక్షన్ 203 వర్తించదు. 1980, 90ల రికార్డు ఒప్పందాల్లో ఆ మాట ఉండటం మామూలు. సౌండ్ రికార్డింగ్‌కి ఆ మాట నిజంగా చెల్లుతుందా అన్నది కోర్టులో తేల్చుకోవాల్సిన వాదన. అలాగే ఒక హక్కుని ఇద్దరు ముగ్గురు రచయితలు కలిసి రాసిచ్చి ఉంటే సగానికి పైగా మంది కలిసి రావాలి. విడిపోయి మాట్లాడుకోని బ్యాండ్లు ఇక్కడే ఓడిపోతాయి. తిరిగొచ్చేది అమెరికా హక్కు మాత్రమేనన్నది మామూలు అభిప్రాయం. యూరప్ రాబడి ఎక్కువగా ఉన్న టెక్నోకి ఇది పెద్ద లోటు. అప్పటికే చట్టబద్ధంగా తయారైన రీమిక్స్, సినిమా వాడకం పాత షరతులతోనే నడుస్తూ పోతాయి.

హక్కు గెలిస్తే నిలుస్తుందన్న నమ్మకం కూడా లేదు. పార్లమెంట్, ఫంకడెలిక్ బ్యాండ్ల నాయకుడు జార్జ్ క్లింటన్ కథ చూడండి. పబ్లిషింగ్ బ్రిడ్జ్‌పోర్ట్ అనే కంపెనీ చేతికి పోయింది, 2001లో కోర్టు ఆ కంపెనీ వైపే తీర్పిచ్చింది. అదే కంపెనీ ఫంకడెలిక్ పాటలోని 2 సెకన్ల గిటార్ ముక్క మీద వేసిన దావాలో 2005లో 6వ సర్క్యూట్ అప్పీలు కోర్టు, లైసెన్సు లేకుండా శాంపుల్ చేయొద్దని కచ్చితమైన గీత గీసింది. ఆ సంగీతాన్ని కన్నవాడికి దక్కకుండా హిప్‌హాప్ మొత్తం మీద సుంకం పడింది. అదే 2005లో క్లింటన్ ఇంకో కేసులో 4 ఫంకడెలిక్ ఆల్బమ్‌ల మాస్టర్లు తిరిగి గెలిచాడు. పాత లాయర్లకి ఫీజు బాకీ పడటంతో 2014లో 9వ సర్క్యూట్ అప్పీలు కోర్టు వాటిని రిసీవర్ (కోర్టు పెట్టిన నిర్వాహకుడు) చేతికి ఇవ్వడాన్ని సమర్థించింది. మదర్‌షిప్ నమూనా మాత్రం 2011 నుంచి స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. గౌరవం దక్కడానికీ ఆస్తి దక్కడానికీ ఎంత దూరమో ఈ రెండూ పక్కపక్కన రాస్తే చాలు.

మీ రెండో ప్రశ్నకి రెండు ఒప్పందాలు. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకెల్ డేవిస్, డెరెక్ డింగిల్ కలిసి మైల్‌స్టోన్ మీడియా అనే కామిక్స్ సంస్థ పెట్టి డీసీ కామిక్స్‌తో చేయి కలిపారు. డీసీ ముద్రించి పంపిణీ చేయాలి. పాత్రల కాపీరైట్ మైల్‌స్టోన్‌దే, కథ మీద నియంత్రణ మైల్‌స్టోన్‌దే, బొమ్మలూ సినిమాల లైసెన్సుల మీద ఆఖరి మాటా వాళ్ళదే. 1997లో కామిక్స్ ఆగిపోయాయి, అయినా పాత్రలు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి 2000లో వాటిలో ఒకటి టీవీ కార్టూన్ అయ్యింది. పుస్తకం అమ్ముడుపోకపోయినా ఆస్తి చచ్చిపోదు, అదే ఈ ఒప్పందం బలం.

రెండోది కూగ్లర్ వార్నర్ బ్రదర్స్‌తో ‘సిన్నర్స్’కి చేసుకున్నది. సినిమా 2025లో వచ్చింది. ఆఖరి ఎడిటింగ్ నిర్ణయం అతనిది, మొదటి డాలర్ నుంచే రాబడిలో వాటా, 25 ఏళ్ళ తర్వాత సినిమా హక్కు అతనికి. సెక్షన్ 203 సినిమా దర్శకులకి మామూలుగా అందదు, వాళ్ళది వర్క్ ఫర్ హైర్ కాబట్టి. చట్టం ఇవ్వని దాన్ని ఒప్పందంతో రాయించుకున్నాడు. 130 కోట్ల సినిమా తీసిన వాడికి ఆ బలం వచ్చింది, అందరికీ రాదు. నీటిఅడుగు గారు చెప్పిన ‘కూలికి చేసిన పని’ ఇక్కడ వడ్డీతో తిరిగొచ్చింది.

గోడపక్క:

మైల్‌స్టోన్ సంగతి విన్నాక కూడా నా ఐదో ప్రశ్న అలాగే ఉంది. హక్కులన్నీ నలుగురి దగ్గర ఉండి మిగతావాళ్ళు వాళ్ళకి కూలి చేస్తే అది నలుగురి ఆస్తే. మొదటి జనానికి చోటు మిగిల్చిన ప్రయత్నాలు చిన్నవి. లండన్‌లో 2017 నుంచి నడుస్తున్న డీకొలనైజ్ ఫెస్ట్, నల్లజాతి, ఆసియా మూలాలున్న పంక్‌లు స్వచ్ఛందంగా నడుపుకునేది. ఫిలడెల్ఫియాలో బ్లాక్ క్వాంటం ఫ్యూచరిజం, రషీదా ఫిలిప్స్, కమే ఐయేవా ఇద్దరూ నడిపేది. 2016లో నార్త్ ఫిలడెల్ఫియాలో కూల్చివేతలు జరుగుతున్న పేటలోనే కమ్యూనిటీ ఫ్యూచర్స్ ల్యాబ్ తెరిచి, ఇళ్ళు పోగొట్టుకుంటున్నవాళ్ళ జ్ఞాపకాల్ని రికార్డు చేశారు. ఫిలిప్స్ ఇళ్ళ హక్కుల మీద పనిచేసే లాయర్ కూడా. ఆఫ్రోఫ్యూచరిజం అంటే వెండి రంగు దుస్తులు అనుకునేవాళ్ళకి ముందు దీన్ని చూపించాలి.

చిన్నవాటి బలహీనత కూడా దాచకండి. జీతాలుండవు, నడిపేవాళ్ళు అలసిపోతారు, కాగితాలు చెదిరిపోతాయి. సన్ రా, ఆల్టన్ అబ్రహామ్ నడిపిన ఎల్ సాటర్న్ లేబుల్ చూడండి. చేత్తో గీసిన అట్టలు, చిన్న చిన్న బ్యాచ్‌లు, కచేరీ దగ్గరే అమ్మకం. స్వేచ్ఛ పూర్తిగా ఉంది. కానీ చాలా రికార్డుల మీద తేదీ లేదు, వాయించినవాళ్ళ పేర్లు లేవు, రికార్డులో ఒకే పక్కని వేర్వేరు అట్టల్లో పెట్టారు. తర్వాత పునర్ముద్రణ చేసేటప్పుడు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడం కష్టమైపోయింది. అబ్రహామ్ కాగితాలు షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉండబట్టి కొంతైనా కూర్చగలిగారు. సొంతంగా చేసేవాళ్ళు రికార్డింగ్ రోజునే ఒక షీటు మీద తేదీ, చోటు, వాయించినవాళ్ళ పూర్తి పేర్లు, రచనలో ఎవరికెంత శాతం అని రాసి అందరి సంతకాలు తీసుకోవాలి. శాతాల మొత్తం 100 అయిందా లేదా అక్కడే చూడాలి. పదేళ్ళ తర్వాత కూడితే 130 అవుతుంది.

కాగితంపులి:

అంచుగీత గారూ, రాసే ముందు ప్రతి ఉదాహరణకీ హక్కులు ఎవరివో మీరే తనిఖీ చేసుకోవచ్చు. రికార్డు వెనక వలయంలో ‘పి’ ఉన్న గుర్తు పక్కన మాస్టర్ సొంతదారు పేరు, వలయంలో ‘సి’ పక్కన అట్ట, బొమ్మల సొంతదారు పేరు ఉంటుంది. పాత ముద్రణనీ కొత్త ముద్రణనీ పక్కపక్కన పెట్టండి, పేరు మారితే అమ్మకమో లైసెన్సో జరిగి ఉండవచ్చు. పాట రచయిత, పబ్లిషర్ వాటాలు పాటల ప్రదర్శన రుసుము వసూలు చేసే సంస్థలు యాస్‌క్యాప్, బీఎంఐ కలిసి మొదలుపెట్టిన సాంగ్‌వ్యూ జాబితాలో చూడండి. అక్కడ కనిపించేది ప్రదర్శన హక్కుల వాటా మాత్రమే, మాస్టర్ కాదు. ఇది కలిపేసుకుని తప్పు రాసినవాళ్ళు చాలామంది. 1978 తర్వాత నమోదులూ, హక్కుల బదిలీలూ, సెక్షన్ 203 నోటీసులూ అమెరికా కాపీరైట్ ఆఫీసు ఆన్‌లైన్ జాబితాలో దొరుకుతాయి. పేరు విషయానికి ట్రేడ్‌మార్క్ ఆఫీసు వెతుకులాటలో ‘అసైన్‌మెంట్’ (బదిలీ) భాగం తెరవండి. ఉత్సవం పేరు ఏ తేదీన ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి మారిందో వరసగా ఉంటుంది. ఆఫ్రోపంక్ అధ్యాయం రాసే ముందు ఆ పేజీ తప్పకుండా చూసి, గోడపక్క గారి ఐదో ప్రశ్నని దాని పక్కన పెట్టి రాయండి. స్పూనర్ తప్పుకున్న 2008కీ, టికెట్ వచ్చిన 2015కీ మధ్య పేరు ఎవరి చేతిలో ఉందన్నదే అధ్యాయానికి వెన్నెముక అవుతుంది.